పిల్లల చేత రాయించడానికి సోషల్ మీడియాను ఎలా వాడాలి: టీచర్ల కోసం

సోషల్ మీడియాతో పిల్లల రాతను మెరుగు పరుద్దామనుకోగానే చాలామంది టీచర్లు అడిగే మొదటి ప్రశ్న, "ఏ యాప్ అయితే మంచిది?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పిల్లలు రాసింది ఎవరు చదవాలి?

స్కూల్లో పిల్లలు రాసేదాంట్లో ఎక్కువ భాగాన్ని చదివేది ఒక్క టీచరే. ఆ చదవడం కూడా తప్పుల కింద గీత గీయడానికి, మార్కులు వేయడానికి. జేమ్స్ బ్రిటన్ అనే విద్యావేత్త తన బృందంతో కలిసి బ్రిటిష్ సెకండరీ స్కూళ్ల పిల్లలు రాసిన సుమారు 2,000 రచనలను పరిశీలించారు. వాటిలో దాదాపు సగం, పరీక్షకుడి స్థానంలో ఉన్న టీచర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవేనని 1975లో ప్రకటించారు. జవాబు ముందే తెలిసిన మనిషికి ఆ జవాబే రాసి ఇవ్వడంలో పిల్లలకు ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? సోషల్ మీడియా మనకు ఇవ్వగలిగింది ఇక్కడే ఉంది. రాసినదాన్ని నిజంగా చదివి, "తర్వాత ఏమైంది?" అని అడిగే మనుషులను అది తెచ్చి పెడుతుంది. మిగతా హంగులన్నీ లేకపోయినా నష్టం లేదు.

అందుకే మొదటి పనిగా ఒక కాగితం మీద రాసుకోండి: ఈ నెల మా పిల్లల రాత చదివేది ఎవరు? పక్క సెక్షనా? తల్లిదండ్రులా? వేరే ఊళ్లో ఉన్న ఇంకో స్కూల్లో అదే తరగతి పిల్లలా? పాత విద్యార్థులా? "ప్రపంచమంతా" అని మాత్రం రాయకండి. ప్రపంచమంతా చూస్తుందని పెట్టిన పోస్ట్‌ను చాలాసార్లు ఎవరూ చూడరు, పిల్లలు వారంలోనే నీరసపడిపోతారు. తప్పకుండా చదివి తిరిగి మాట్లాడే ఇరవై మంది చాలు. నా సలహా అడిగితే, మీలాగే ఉత్సాహం ఉన్న మరో టీచర్‌ని పట్టుకుని రెండు తరగతులు ఒకరి రాతలు ఒకరు చదివేలా మాట్లాడుకోండి. ఇంత బాగా పనిచేసే ఏర్పాటు ఇంకొకటి కష్టం.

ఖాతా ఒక్కటే, అది తరగతిది

పిల్లల చేత విడివిడిగా ఖాతాలు తెరిపించవద్దు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటివాటికి కనీస వయసు 13 ఏళ్లు. అది యాప్ పెట్టిన నిబంధన మాత్రమే, చట్టాలు ఇంకా గట్టిగా ఉండవచ్చు. భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు పెద్ద సోషల్ మీడియా వేదికల్లో ఖాతా ఉండకూడదు. కాబట్టి తరగతి మొత్తానికి ఒకే ఖాతా పెట్టండి. మీ సొంత ఖాతా, సొంత ఫోన్ నంబర్ వాడకుండా స్కూల్ ఈమెయిల్‌తో తెరవండి. పాస్‌వర్డ్ మీ దగ్గర, ఇంకో టీచర్ దగ్గర ఉండాలి. మీరొక్కరే పెట్టుకుంటే మీరు సెలవులో ఉన్నప్పుడు ఏదైనా తేడా వస్తే చూసేవాళ్లు ఉండరు.

హెడ్‌మాస్టర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. తల్లిదండ్రులకు పంపే కాగితంలో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏ వేదిక, ఎవరికి కనిపిస్తుంది, పిల్లల పేరు ఎలా వేస్తారు, వద్దనుకుంటే ఎలా తీయించుకోవచ్చు. పూర్తి పేరు వేయకండి. పిల్లలు తామే ఎంచుకున్న కలం పేరు అన్నిటికంటే మంచిది. పైగా కలం పేరు పెట్టుకున్న రోజు నుంచి కొందరి రాతలో ధైర్యం కనిపిస్తుంది. ముఖాలు, యూనిఫాం మీద స్కూల్ గుర్తు, ఇంటి నంబర్ కనిపించే ఫొటోలు వద్దు. లొకేషన్ ఆపేయండి.

ఇక యాప్ సంగతి. పొడవుగా రాయించాలంటే బ్లాగ్ మంచిది, మీరు ఒప్పుకుంటేనే కామెంట్ కనిపించేలా అందులో సెట్టింగ్ ఉంటుంది. ఫొటోతో పాటు చిన్న రచనలకు ప్రైవేట్‌గా పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ఖాతా సరిపోతుంది. వాట్సాప్ గ్రూప్ అందరికీ అలవాటే కానీ, అందులో ఒకరి నంబర్ మరొకరికి కనిపిస్తుంది. పిల్లలు, బయటి పాఠకులు కలిసే చోట అది మంచిది కాదు. వాట్సాప్ ఛానెల్‌లో ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు కాబట్టి, తల్లిదండ్రులకు చదివించడానికి అది కొంత నయం.

తెరపైకి వెళ్లే ముందు గోడ మీద

మొదటి రెండు వారాలు అసలు ఫోన్ ముట్టుకోకండి. తరగతి గోడకు పెద్ద చార్ట్ అంటించి దాన్నే మీ పేజీ అనుకోండి. పిల్లలు చిన్న కాగితం మీద రాసి అంటిస్తారు, మిగతావాళ్లు కింద కామెంట్ చీటీలు అంటిస్తారు. ఒకరిని నొప్పించే చీటీ వస్తే అందరి ముందు నిలబెట్టకుండా, ఆ చీటీ రాసినవాళ్లతో విడిగా మాట్లాడి, దాన్నే ఇంకోలా ఎలా చెప్పవచ్చో కలిసి ఆలోచించవచ్చు. తెర మీద ఒకసారి వెళ్లిన మాటకు స్క్రీన్‌షాట్ ఉంటుంది. గోడ మీద చీటీని తీసేస్తే పోతుంది. తప్పులన్నీ ఇక్కడే జరగనివ్వండి.

చిన్నగా మొదలుపెట్టండి

మొదటి రచన మూడు వాక్యాలు దాటకూడదు. వ్యాసం అనే మాటే ఎత్తకండి. ఒక ఫొటో, దాని కింద మూడు వాక్యాలు. ఫొటో పిల్లలే ఎంచుకోవాలి. ఒకే నియమం పెట్టండి: ఫొటోలో కనిపిస్తున్నదాన్ని మళ్లీ చెప్పకూడదు, కనిపించనిది చెప్పాలి.

ఉదాహరణకు వానలో ఖాళీగా ఉన్న ఆటస్థలం ఫొటో తీసుకుందాం. మొదటి ప్రయత్నం ఇలా వస్తుంది:

"వర్షం పడింది. గ్రౌండ్‌లో ఎవరూ లేరు. నాకు చాలా బాధగా ఉంది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ పక్కన కూర్చున్న స్నేహితుడి చేత ఒక్క ప్రశ్న అడిగించండి: "వర్షం పడితే బాధ దేనికి?" జవాబు నోటితో చెప్పాక మళ్లీ రాయమనండి:

"రేపటి పోటీ కోసం నిన్న చీకటి పడేదాకా సున్నంతో గీతలు గీశాం. రెండో బెల్ కొట్టేసరికి వాన మొదలైంది. ఇప్పుడు తెల్లటి నీళ్లు గేటు వైపు పారుతున్నాయి."

బాధ అనే మాట పోయింది, బాధ మాత్రం చదివేవాళ్లకు అందింది. ఈ తేడాను బోర్డు మీద రెండు రచనలూ పక్కపక్కనే రాసి చూపించండి. వర్ణన గురించి మీరు గంట సేపు చెప్పే పాఠం కన్నా ఇది త్వరగా ఎక్కుతుంది. మొదటి రచనను ఎగతాళి చేసే అవకాశం ఎవరికీ ఇవ్వకండి. అది లేకపోతే రెండోది పుట్టేది కాదని పిల్లలకు తెలియాలి.

పొట్టి రచనల్లో అక్షరాల పరిమితి పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఎక్స్‌లో, అంటే పాత ట్విటర్‌లో, మామూలు పోస్ట్‌కు 280 అక్షరాల హద్దు ఉంది (2017 దాకా 140 ఉండేది). తెలుగులో ఒత్తులు, గుణింతాలు అక్కడ విడివిడిగా లెక్కకు వస్తాయి. మనకు ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ" అక్కడ ఆరు. అందుకని తెలుగు తరగతిలో అక్షరాలు లెక్కపెట్టించకుండా వాక్యాలు లేదా మాటలు లెక్కపెట్టించండి. "ఇరవై మాటల్లో" అంటే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది. ఉన్న ముప్పై మాటల్లోంచి ఏ పది తీసేయాలి అని తర్జనభర్జన పడటమే మంచి ఎడిటింగ్ పాఠం.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే అలవాటు సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. చాటింగ్‌లో వాళ్లు ఎలా రాసుకుంటారో మనకు అనవసరం, తరగతి పేజీలో మాత్రం తెలుగు లిపిలోనే ఉండాలి. టైపింగ్ రాదంటారు. జీబోర్డ్ లాంటి కీబోర్డుల్లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులో పడే సదుపాయం ఉంది, మాట్లాడితే టైప్ అయ్యే సదుపాయమూ ఉంది. రాయడమంటే టెన్షన్ పడే పిల్లలకు ఆ రెండోది నిజంగా మేలు చేస్తుంది. ముందు కథ చెప్పమనండి. ఫోన్ రాసిపెట్టిన గజిబిజి మాటలను తర్వాత వాక్యాలుగా విడగొట్టమనండి. ఎక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలో, నోటి మాటలో పదే పదే వచ్చే "అప్పుడు, అప్పుడు"లు ఎన్ని తీసేయవచ్చో తామే కనిపెడతారు.

కాగితం నుంచి పోస్ట్ దాకా

రాయగానే పోస్ట్ చేయడం సోషల్ మీడియా అలవాటు. తరగతిలో దాన్ని తిరగేయాలి. రాసిన రోజు పోస్ట్ చేయకూడదు అని ఒక నియమం పెట్టండి, దాన్ని మీరు కూడా పాటించండి.

వారంలో ఒక రోజు నోట్‌బుక్‌లో డ్రాఫ్ట్ రాయాలి. మర్నాడు జంటగా కూర్చుని ఒకరిది ఒకరు పైకి చదవాలి. రాసినవాళ్లు తమది తాము చదువుకోవడం కాదు, స్నేహితుడు చదువుతుంటే వినాలి. చదివేవాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ వాక్యం బాగులేదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. తర్వాత సరిదిద్దిన ప్రతి ఎడిటర్ల దగ్గరకు వెళ్తుంది. ఎడిటర్లంటే తరగతిలో నలుగురు, వారం వారం మారుతుంటారు. ఒకరు అక్షర దోషాలు చూస్తారు, ఒకరు నిజానిజాలు చూస్తారు, ఒకరు శీర్షిక సరిపోయిందో లేదో చూస్తారు, నాలుగో మనిషి ఇందులో ఎవరి పేరైనా, ఎవరి ఇంటి విషయమైనా అనుమతి లేకుండా వచ్చిందేమో చూస్తారు. బాగా చదివే పిల్లలకే ఎడిటర్ పని ఇవ్వకండి. స్పెల్లింగ్‌లో వెనకబడిన పిల్లకు నిజానిజాలు చూసే పని ఇస్తే ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడండి.

చివరి చూపు మీది. పోస్ట్ చేసేది కూడా మీరే, లేదా మీ ఎదురుగా పిల్లలు. ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది: ఇంట్లో ఫోన్ లేని పిల్లలు వెనకబడిపోరు. రాత అంతా తరగతిలో కాగితం మీదే జరుగుతుంది, తెర అవసరమయ్యేది ఆఖరి ఐదు నిమిషాలకే. స్కూల్లో ఒక్క పరికరం ఉన్నా సరిపోతుంది.

ఏఐ చేత రాయించి తెస్తారేమో అనే భయం కూడా దీంతో చాలా వరకు తీరుతుంది. డ్రాఫ్ట్ మీ కళ్ల ముందు పుడుతుంది. అంశం కూడా యంత్రానికి తెలియనిది ఇవ్వండి. "పర్యావరణ పరిరక్షణ" అని ఇస్తే ఎక్కడి నుంచైనా తెచ్చేస్తారు. "ఈ రోజు స్కూల్‌కి వస్తూ విన్న మూడు చప్పుళ్లు" అని ఇస్తే వాళ్లే రాయాలి.

కామెంట్ రాయడం కూడా రాయడమే

ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. పోస్టుల కన్నా కామెంట్ల వల్లే పిల్లల రాత ఎక్కువ మారుతుందని నా గట్టి నమ్మకం. పోస్టులైతే ఒక పిల్లవాడు నెలకు రెండు మూడు సార్లు రాస్తాడు. కామెంట్ అయితే వారానికి నాలుగైదు రాయవచ్చు, ప్రతిసారీ ఇంకొకరి రాతను జాగ్రత్తగా చదివి మరీ రాయాలి.

"సూపర్", "బాగుంది", చప్పట్ల బొమ్మ, ఇవి కామెంట్లు కావు అని మొదటి రోజే చెప్పండి. కామెంట్‌లో మూడు ఉండాలి. ఒకటి, పోస్ట్‌లోంచి నచ్చిన ఒక మాటో వాక్యమో ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. రెండు, అది చదివితే తనకు ఏం గుర్తొచ్చిందో, ఏం అర్థమైందో చెప్పాలి. మూడు, నిజంగా తెలుసుకోవాలనిపించిన ఒక ప్రశ్న అడగాలి. పైన చెప్పుకున్న వాన రచనకే ఒక కామెంట్ ఇలా ఉండవచ్చు: "'తెల్లటి నీళ్లు గేటు వైపు పారుతున్నాయి' దగ్గర ఆగిపోయాను. మా క్లాస్ వేసిన ముగ్గు కూడా ఒకసారి ఇలాగే కరిగిపోయింది. మర్నాడు పోటీ జరిగిందా?"

ఇందులో మూడోది చాలా ముఖ్యం. ప్రశ్న వస్తే జవాబు రాయాల్సి వస్తుంది. జవాబు రాస్తే అది తర్వాతి పోస్ట్ అవుతుంది. "రాయడానికి ఏమీ లేదు టీచర్" అనే పిల్లలకు అంశాలు మీరు వెతికి ఇవ్వక్కర్లేదు, వాళ్ల పోస్ట్ కింద ఉన్న ప్రశ్నల్లోనే ఉంటాయి.

విమర్శ చేయాల్సి వస్తే? మొదటి నెల వద్దు. తర్వాత కూడా "ఇది బాగాలేదు" అనే వాక్యానికి బదులు "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అనే వాక్యం నేర్పండి. మొదటిది తీర్పు, రెండోది పాఠకుడి అనుభవం. అర్థం కాలేదన్న మాటకు ఎవరూ నొచ్చుకోరు, సరిచేసుకుంటారు.

ఏ పోస్ట్‌కూ కామెంట్ రాకుండా ఉండిపోకూడదు. దీనికి ఒక పట్టిక తయారు చేసుకోండి: ఈ వారం ఎవరు ఎవరికి రాయాలో ముందే రాసి ఉంచండి. స్నేహితులే ఒకరికొకరు రాసుకునే గుంపులు విడిపోతాయి, మాటలు తక్కువ ఉన్న పిల్లకూ ఇద్దరు పాఠకులు ఖాయంగా ఉంటారు. లైకుల సంఖ్యను దాచేయండి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో 2021 నుంచి ఆ సెట్టింగ్ ఉంది. ఎవరికెన్ని వచ్చాయనే పోలిక మొదలైతే, పిల్లలు నచ్చేది రాయడం మొదలుపెడతారు, తమకు తోచింది రాయడం మానేస్తారు.

మీరూ కామెంట్లు రాయండి, అదే మూడు భాగాల్లో. తప్పులు దిద్దే కామెంట్ మాత్రం అందరికీ కనిపించే చోట ఎప్పుడూ రాయకండి. దోషం కనిపిస్తే నోట్‌బుక్‌లో చూపించండి, పోస్ట్‌ను పిల్లలే ఎడిట్ చేస్తారు.

పొడవు పెంచడం

రెండు మూడు నెలలు గడిచాక మూడు వాక్యాలు చాలవని పిల్లలే అంటారు. అప్పుడు వరస పోస్టులకు వెళ్లండి. ఒక సంఘటనను ఐదు భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగం చివర చదివేవాళ్లు ఆగకుండా తర్వాతి దానికి వెళ్లేలా రాయమనండి. పేరా అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పలేం: ఒక పోస్ట్, ఒక విషయం. ఐదూ కలిపి కాగితం మీద రాస్తే అదే వ్యాసం అయిపోతుంది. ఆ రోజు మాత్రం వ్యాసం అనే మాట వాడండి, ఎందుకంటే తాము రాయలేమనుకున్నది అప్పటికే రాసేశారు.

చరిత్ర, సైన్స్ టీచర్లను కూడా కలుపుకోండి. ఒక చారిత్రక వ్యక్తికి ఆ రోజుల్లో ఫోన్ ఉంటే ఏం పోస్ట్ చేసేవారో రాయమంటే, పిల్లలు తేదీలు, ఊళ్లు, ఎవరెవరు ఎవరికి ఎదురు నిలిచారో వెతికి తెస్తారు. అవి ఊహించి రాసినవని పోస్ట్‌లోనే స్పష్టంగా ఉండాలి, లేకపోతే ఎవరో నిజమైన మాటలనుకుని ముందుకు పంపిస్తారు. ప్రయోగం చేసిన రోజు "మేం అనుకున్నది, జరిగింది" అని రెండు ముక్కలు రాయించడం కూడా మంచి అలవాటు. ఇంటర్వ్యూలు, పుస్తక పరిచయాలు, స్కూల్ వార్తలు ఎలాగూ ఉన్నాయి.

మార్కులు, చిక్కులు

పోస్టులకు మార్కులు వేయకండి. వేశారంటే పాఠకుడు పోయి పరీక్షకుడు తిరిగి వస్తాడు. తప్పనిసరిగా ఏదో ఒకటి నమోదు చేయాల్సి వస్తే, మొదటి డ్రాఫ్ట్‌కీ పోస్ట్‌కీ మధ్య ఎంత మార్పు జరిగిందో చూసి వేయండి. నోట్‌బుక్‌లో రెండూ ఉంటాయి కాబట్టి సాక్ష్యం మీ చేతిలోనే ఉంటుంది. బాగా రాసేవాళ్లూ బద్ధకించలేరు, వెనకబడినవాళ్లకూ న్యాయం జరుగుతుంది.

చెడు కామెంట్ వస్తే ఏం చేయాలో అది రాకముందే పిల్లలకు చెప్పి ఉంచండి: జవాబు ఇవ్వకూడదు, తొలగించేలోపు స్క్రీన్‌షాట్ తీయాలి, మీకు చెప్పాలి. తెలియని మనుషుల నుంచి మెసేజ్ వస్తే కూడా ఇంతే. తరగతి ఖాతాకు మెసేజ్‌లు రాకుండా సెట్టింగ్స్‌లో వీలైనంత వరకు ఆపేయండి.

ఇంకో చిక్కు గురించి టీచర్లు ముందుగా ఆలోచించరు. రాయడం అలవాటైన పిల్లలు ఒక్కోసారి ఇంట్లో గొడవల గురించి, భయాల గురించి, తమను ఎవరో బాధపెడుతున్నారని రాస్తారు. అది పోస్ట్ చేసే రచన కాదు, మీతో చెప్పుకున్న మాట. ఎడిటర్ల చేతికి వెళ్లకముందే పక్కన పెట్టండి, ఆ రోజే ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడండి, అవసరమైతే స్కూల్లో ఆ బాధ్యత ఉన్నవాళ్లకు చెప్పండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే కొన్ని విషయాలు చెప్పక తప్పదు. ఇందుకోసమే డ్రాఫ్టులన్నీ జంటగా చదవడానికి ముందు మీరొకసారి తిరగేయడం మంచిది. "ఇది టీచర్‌కి మాత్రమే" అని పేజీ మూల మడిచే హక్కు పిల్లలకు ఇవ్వండి.

ఏడాది చివర

పరీక్షలకు ముందే ఒక పీరియడ్ ఇందుకు కేటాయించండి. పిల్లలు తమ మొదటి పోస్ట్, చివరి పోస్ట్ పక్కపక్కన పెట్టుకుని, ఏం మారిందో తామే మూడు వాక్యాల్లో రాయాలి. తర్వాత ఖాతాలోని సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసి స్కూల్ కంప్యూటర్‌లో భద్రపరచండి, ఎవరి రచనలు వాళ్లకు ప్రింట్ తీసి ఇవ్వండి. ఏ పోస్ట్ ఉంచాలో, ఏది తీసేయాలో రాసిన పిల్లలనే అడగండి. ఉంచమన్నవాటికి తల్లిదండ్రుల నుంచి మళ్లీ ఒకసారి అనుమతి తీసుకోండి. కొత్త తరగతికి కొత్త ఖాతా తెరవండి, పాతదాన్ని వాళ్లకు ఇవ్వకండి. పాత ఖాతాలో కామెంట్లు ఆపేసి, పాస్‌వర్డ్ మార్చేయండి, కొత్తది రెండో టీచర్ దగ్గర కూడా ఉండాలి.